గీతల్లేని వేళ్లు

ఆదివారం మిషన్లు ఆగినంక
తాడిపత్రికి చెవులు తిరిగొస్తాయి.
అప్పుడు వినపడతాయి దగ్గులు.
ఓబులేసన్నది పాత సైకిలు పంపు కొట్టినట్టు,
జమాలప్పది ఎండు కందికట్టె ఇరిసినట్టు.
వాకిలి చూడకుండానే చెప్తా, ఎవరి ఇల్లో.

నా చేతిలో స్టాంపు ప్యాడు,
వేళ్లు తుడిచేకి కుట్టుమిషను కాడి నూనెగుడ్డ.
వెనక దస్తగిరమ్మ,
నల్లదారంతో నేను కుట్టిన కాగితాల కట్ట పట్టుకొని.
పద్నాలుగు ఆదివారాలాయె ఇట్ల తిరగబట్టి.

"దేనికమ్మే ఇది?" అంటాది సుంకులమ్మత్త,
చాటలో కొర్రలు చెరుగుతా.
"కార్డుకత్తా."
"కార్డుంది కదా, పటం వెనక పెట్టినా."

ఉంది. అందరికీ ఉంది.
కడుపు కోస్తే పలుకుతాది ఆ కార్డు.
గుండెకు గొట్టమేస్తే పలుకుతాది.
బండపొడి ఊపిరితిత్తుల్లో
తడిసిన సిమెంటు మాదిరి గడ్డకడితే
నోరు పెగలదు దానికి.
మంచం ఎక్కినోనికే లెక్క,
దగ్గుతా పనికి పోయేటోనికి లేదు.
ఎక్సరేకు మూడు వందల యాభై,
నెల మాత్రలకు పదకొండు వందలు,
అనంతపురం బస్సుచార్జీ,
పోయిన దినం పోయిన కూలి.
ఇవేవీ రోగాలు కావంట.

మా ఆయన పంతొమ్మిదేండ్లు పాలిష్ పట్టినాడు.
ఆయప్ప పట్టిన బండలో
మొగం చూసుకొని తల దువ్వుకోవచ్చు.
యాడయాడి బంగళాలకో పోయినాయి అవి.
ఫ్యాక్టరీ రిజిస్టరులో మాత్రం
ఆయప్ప పేరు లేనే లేదు.
సేటు చెడ్డోడు కాదు.
మట్టి చేసేకి ఐదువేలిచ్చినాడు,
అదీ యాడా రాసుకోలే.

జమాలప్ప బొటనవేలు ప్యాడుకద్ది
కాగితం మీద ఒత్తినాడు.
నల్లగా, నున్నగా, ఉసిరికాయంత మచ్చ.
గీత లేదు. సుడి లేదు.
ఇంకోసారి ఒత్తమన్నా.
ఇంకో మచ్చ.
"రేషను మిషనుకూ నేనెవరో తెల్దు పాపా,
నా పెండ్లాం వేలితోనే తింటాండా బియ్యం"
అని నవ్వబోయి దగ్గినాడు.
బండను నున్నగ చేసినోన్ని
బండ నున్నగ చేసి పెట్టింది.

ఆ వీధిలో నలభై ఒక్క ఇండ్లు.
ఇరవయ్యారు ముద్రలు అట్లాటివే.

సోమవారం కలెక్టరాఫీసుకు పోయినాము,
ముప్పైమందిమి, బొరుగులు బుడ్డలు మూటగట్టుకొని.
సారు చిన్నోడే. మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు.
కాగితాలు తిప్పీ తిప్పీ
"ఇవి వేలిముద్రలు కావు కదమ్మా,
ఇంకు మరకలు. ఎవరివని నమ్మేది?"

రాత్రంతా వల్లించుకున్న మాటలు
మెట్లకాడే రాలిపోయినట్టుండాయి నావి.
దస్తగిరమ్మ నన్ను జరిపి ముందుకొచ్చింది.
తొమ్మిదేండ్లు మిషను కింద నీళ్లు పోసిన చెయ్యి
టేబులద్దం మీద వెల్లకిల పెట్టింది.
"చూడు నాయనా,
గీతుంటే చెప్పు.
మరక కాదిది, ఇదే రోగం.
చేతికైతే పైకే కనపడతాది.
లోపలిది కనపడాలంటే ఫోటో తీయల్ల.
ఆ ఫోటోకు, ఆ మాత్రలకే
మీ కార్డులో చోటడుగుతాండాము.
కోతలకిచ్చేదాంట్లో రొంత
కోత దాకా పోకుండా ఉండేకి ఇయ్యండి."

సారు శానాసేపు ఆ చెయ్యి చూసినాడు,
జాతకం చెప్పేటోని మాదిరి.
చెప్పేకి ఏమీ దొరకలేదనుకుంటా.
నెంబరేసి రసీదిచ్చి
"పైకి రాస్తా" అన్నాడు.

రసీదు ఇప్పుడు దస్తగిరమ్మ సంచిలో,
తమలపాకుల పక్కన.
బస్సులో ఉండంగానే బేతంచెర్లోల్లు ఫోను చేసినారు,
అర్జీ ఎట్ల రాసినారో మాకూ చెప్పండని.
ఇంకో ప్యాడు కొనల్ల.

ఊరు కనపడకముందే మిషన్ల మోత వచ్చింది.
కిటికీకి చెవి ఆనిచ్చి
ఆ మోతలో జమాలప్ప దగ్గు వెతికినా.
దొరకలే.
ఆదివారం దాకా ఆగల్ల.